రెండు గదుల క్వార్టర్

2024 జూన్ 10

ఉద్యోగం వచ్చింది. మౌలాలి గుట్టకు ఇవతల ఉన్న ప్రైవేటు యూనివర్సిటీలో, ఆడపిల్లల హాస్టల్‌కి అసిస్టెంట్ వార్డెన్‌ని.

ఇంటర్వ్యూ చేసింది రాఘవేందర్ గారు. హాస్టళ్ళ మంచీ చెడూ అన్నీ చూసే డీన్ ఆయన. తునిలో ఇన్నేళ్ళు స్కూల్లో పాఠాలు చెప్పి ఈ పనికెందుకొచ్చారని అడిగారు. ఉండడానికి చోటు కూడా ఇస్తారని వచ్చానన్నాను. అలా చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆయన నవ్వారు, అంతే.

చోటంటే ఒక గది. మొదటి అంతస్తులో చివరిది. కుటుంబాన్ని ఉంచుకోకూడదు. ముందే చెప్పారు, నేనూ సరేనన్నాను.

మా అమ్మాయి పూజిత నేరేడ్‌మెట్‌లో అన్నయ్య ఇంట్లోనే ఉంటుంది. ఇంటర్ రెండో సంవత్సరం, కాలేజీ అక్కడికే దగ్గర. వాళ్ళ నాన్న కాకినాడలో వేరే కాపురం పెట్టుకున్నాక మా ఇద్దరినీ ఇక్కడికి తెచ్చుకుని అన్నయ్యే మోశాడు. ఇప్పుడు ఒకరి బరువు తగ్గుతుంది. ఎటు చూసినా ఇదే మంచిది.

జూన్ 11

ఇదే మంచిది.

జూన్ 19

నా సెలవు బుధవారం. ఆదివారం తల్లిదండ్రులు పిల్లల్ని చూడడానికొస్తారు కాబట్టి ఆ రోజు వార్డెన్లు కదలడానికి లేదు. పూజితకు సెలవు ఆదివారం.

ఈ రోజు వెళ్ళేసరికి అది కాలేజీలో ఉంది. వదినా నేనూ బీరకాయలు తరుగుతూ కూర్చున్నాం. సాయంత్రం వచ్చింది, సంచి కూడా దించకుండా నన్ను పట్టుకుంది. హాజరు వేళకు నేను హాస్టల్లో ఉండాలి. ఒక గంట మాట్లాడుకున్నాం. అందులో సగం వాళ్ళ కెమిస్ట్రీ సార్ గురించే. బయల్దేరుతుంటే వీధి చివరి దాకా వచ్చింది. ఆటో తిరిగేదాకా వెనక్కి చూడలేదు నేను. చూస్తే దిగిపోతానని భయం.

బాగానే ఉంది అక్కడ.

జూలై 6

చీఫ్ వార్డెన్ కమలాబాయి గారు చాయ్‌కి పిలిచారు. ఇక్కడే తల నెరిసిన మనిషి. హాస్టల్ వెనక కానుగ చెట్ల కింద ఆవిడ క్వార్టర్. రెండు గదులు, ఒక వంటిల్లు, బట్టలారేసుకోవడానికి కాస్త జాగా.

నేను గుమ్మం దగ్గరే కూర్చుంటే, “ఏందమ్మా గట్ల చుట్టాల లెక్క కూసున్నవ్, లోపలికి రా” అన్నారు. ఇల్లంతా చూపించారు. రెండో గదిలో పచ్చడి జాడీలు, పాత పరుపు తప్ప ఏమీ లేవు.

“ఈ ఇల్లు చీఫ్ వార్డెన్‌కే ఇస్తరు. ఫ్యామిలీని సుత తెచ్చుకోవచ్చు. నాకెవరున్నరని తెచ్చుకోను? గందుకే తొక్కు జాడీలు పెట్టిన” అన్నారు.

వచ్చే వేసవిలో ఆవిడ రిటైరవుతున్నారు.

ఆ గదికి తూర్పు కిటికీ ఉంది. మంచం కిటికీ పక్కన వేస్తే బల్లకి అటు గోడ సరిపోతుంది.

జూలై 21

లష్కర్ బోనాల పండగ. పిల్లలు సగం మంది ఊళ్ళోకి వెళ్ళారు. వసుధ వాళ్ళింటి నుంచి పంపిన పులిహోర, మేక మాంసం కూర తెచ్చి నా గదిలోనే పెట్టింది. వసుధ ఇంకో అసిస్టెంట్ వార్డెన్. బోయిన్‌పల్లి అమ్మాయి, సోషల్ వర్క్‌లో పీజీ చేసింది, నాకంటే పదేళ్ళైనా చిన్నది. ఇక్కడ నన్ను అక్కా అని పిలిచే మనిషి అదొక్కతే.

“మీరు దీన్ని వార్డెన్ నౌకరీ అనుకుంటున్నరు అక్కా. వేరే దేశాలల్ల దీనికి పెద్ద పెద్ద చదువులుంటయి. పిల్లలు క్లాసులల్ల ఉండేది ఎంతసేపు? మిగిలిన బతుకంతా మన దగ్గరనే కదా” అంది తింటూ. ఆన్‌లైన్‌లో ఏదో కోర్సు ఉందట, ఇద్దరం కలిసి చేద్దామంది. సరేనన్నాను. అది చేస్తే పై పోస్టుకి పనికొస్తుందా అని అడిగాను. పనికొస్తుందంది. తను కూడా అదే అనుకుంటోందని అప్పుడు నాకు తట్టలేదు, ఇది రాస్తుంటే తట్టింది.

సెప్టెంబర్ 3

పూజిత ఫోన్ తీయలేదు. చదువుకుంటూ ఉండి ఉంటుంది.

సెప్టెంబర్ 4

వర్షం. నేరేడ్‌మెట్ వెళ్ళలేదు. మూడో అంతస్తులో నీళ్ళు కారుతుంటే ప్లంబర్‌తో ఉండిపోయాను. సెలవు రోజైనా ఉన్నానని రాఘవేందర్ గారు గమనించారు.

అక్టోబర్ 8

దసరా సెలవులు. ఇంటికి వెళ్ళలేని పిల్లలు కొద్దిమంది ఉంటారు, వాళ్ళకోసం ఎవరుంటారని మీటింగ్‌లో అడిగారు. నేను చెయ్యెత్తాను. వసుధ నా వైపు చూసింది. పండగకి మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళరా అని తర్వాత అడిగింది. అది మావయ్య పిల్లలతో సరదాగా ఉంటుందన్నాను.

పూజితకి ఫోన్‌లో చెప్పాను. “సరేలే” అంది. ఇదివరకు ఎందుకని అడిగేది.

మెస్సు లేదు. నేనే వండి పెట్టాను. కారిడార్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచినా ఒక తలుపూ తెరిచి లేదు. ఉన్న పిల్లల్లో బ్యూలా అని కొత్తగూడెం పిల్ల, మొదటి సంవత్సరం. వాళ్ళ ఇంట్లో ఏదో గొడవ, వెళ్ళనంది. వంటింట్లో నా వెనకే తిరిగింది. కొత్తిమీర కడిగింది. మా పూజితకి కొత్తిమీర వాసన పడదని దానికి చెప్పాను.

నవంబర్ 20

బుధవారం. వెళ్ళాను. పూజిత జడ వేరేగా వేసుకుంది, వదిన వేసిందట. బాగుంది.

డిసెంబర్ 12

చీఫ్ వార్డెన్ పోస్టుకి వసుధా నేనూ ఇద్దరం దరఖాస్తు పెట్టాం. తను నా దరఖాస్తు చూసి తప్పులు కూడా దిద్దింది. ఇద్దరం మెస్సులో ఎదురెదురుగా కూర్చుని తిన్నాం, ఎప్పట్లాగే.

పూజితతో వేసవికల్లా మనిల్లు మనకుంటుందని అన్నాను. కిటికీ సంగతి చెప్పాను. “ఊఁ” అంది.

2025 ఫిబ్రవరి 10

నిన్న, ఆదివారం, రాయడానికి కుదరలేదు.

పొద్దున్నే అన్నయ్య ఫోన్. పూజితకి శుక్రవారం నుంచి జ్వరమట, మాత్రలేసినా దిగట్లేదట. “అడిగితే ఏం లేదంటాదమ్మా. కళ్ళు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి. ఒకసారి వచ్చెళ్ళు” అన్నాడు. అన్నయ్య ఎప్పుడూ అలా అడగడు. కమలాబాయి గారు జహీరాబాద్‌లో పెళ్ళికి వెళ్ళారు. రాఘవేందర్ గారికి ఫోన్ చేసి పర్మిషన్ తీసుకున్నాను. చెప్పులేసుకుని మెట్లు దిగుతుంటే బ్యూలా గది పిల్లలు పరిగెత్తుకొచ్చారు.

బ్యూలా బాత్‌రూమ్ నేల మీద ముడుచుకుని ఉంది. కడుపు నొప్పి. ముఖం సున్నంలా ఉంది. ఆసుపత్రిలో అపెండిక్స్ అన్నారు, పగిలేలా ఉంది, ఆగకూడదన్నారు. వాళ్ళ వాళ్ళు కొత్తగూడెం నుంచి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఫోన్‌లో సరేనన్నారు. ఇక్కడ ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. పెట్టాను. లోపలికి తీసుకెళ్ళేదాకా నా చేయి వదల్లేదు ఆ పిల్ల. బయట కుర్చీలో కూర్చుని అన్నయ్యకి ఫోన్ చేస్తే, డాక్టర్ని పిలిచాం, నువ్వు కంగారు పడకన్నాడు. వెనక నుంచి పూజిత దగ్గు వినిపించింది.

అంతా బాగా జరిగింది. బ్యూలా వాళ్ళమ్మ వచ్చి నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. రాఘవేందర్ గారు ఆసుపత్రికే వచ్చారు. మీరుండబట్టి సరిపోయిందన్నారు.

ఇంకెవరున్నా అదే చేసేవాళ్ళు.

ఫిబ్రవరి 11

మొన్న మెట్ల మీద వసుధ అడ్డొచ్చింది. మీరు ఇంటికి పోండి అక్కా, నేను ఆసుపత్రికి పోతనంది. నిన్న అది రాయలేదు.

బ్యూలా నా చేయి పట్టుకుంది. అది నిజం.

ఫిబ్రవరి 12

బుధవారం. నేరేడ్‌మెట్ వెళ్ళాను. జ్వరం దిగింది. దుప్పటి కప్పుకుని రికార్డు పుస్తకంలో బొమ్మలు గీస్తోంది, ప్రాక్టికల్స్ ఉన్నాయి. నుదురు మీద చేయి పెట్టాను. “తగ్గిపోయిందిలే” అంది. బ్యూలా ఎలా ఉందని అడిగింది. చెప్పాను. అన్నీ శ్రద్ధగా విన్నది. కుట్లు ఎప్పుడు తీస్తారని కూడా అడిగింది.

వదిన నాతో ఎక్కువ మాట్లాడలేదు. పని ఉండి ఉంటుంది.

మార్చి 6

పరీక్షలు మొదలు. పొద్దున్న ఫోన్ చేసి బాగా రాయమన్నాను. మావయ్య స్కూటర్ మీద దింపుతున్నాడట, గాలికి సరిగ్గా వినిపించలేదంది.

ఏప్రిల్ 16

ఇంటర్వ్యూ అయింది.

ముందు వసుధ వెళ్ళింది, చాలాసేపు లోపలుంది. నన్ను కోర్సులో నేర్చుకున్నవి కొన్ని అడిగారు. మొదటి సంవత్సరం పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ఒకే అంతస్తులో కలిపి ఉంచడం గురించి అడిగారు. చెప్పాను. ఆ తర్వాత రాఘవేందర్ గారు కాగితాలు పక్కన పెట్టారు. “చీఫ్ వార్డెన్‌కు క్వార్టర్ ఇస్తం, మీ అమ్మాయి మీతోనే ఉంటది. రేపు ఇంటికాడ ఒక అవసరం, హాస్టల్ల ఒక అవసరం ఒక్కసారే వస్తే ఎటు పోతరు?”

ఆలోచించలేదు. నోటికి వచ్చేసింది.

“ఫిబ్రవరిలో వచ్చాయి సార్. మా అమ్మాయి జ్వరంతో పడుంది. నేను ఎటు వెళ్ళానో మీకు తెలుసు.”

బయట నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ పోస్టు నాకే వచ్చిందని అప్పుడే తెలిసింది.

బయటికొచ్చాను. కారిడార్‌లో వసుధ మంచినీళ్ళ సీసా ఇచ్చింది. ఎట్లయిందక్కా అంది. ఫర్వాలేదన్నాను.

ఏప్రిల్ 28

పేరు ప్రకటించారు. నాదే.

అన్నయ్య ఫోన్‌లో ఏడ్చినంత పని చేశాడు. పూజిత “కంగ్రాట్స్ అమ్మా” అంది. దానికి ఇంటర్‌లో మంచి మార్కులే వచ్చాయి. మా యూనివర్సిటీలోనే బీఎస్సీలో చేరుస్తాను, స్టాఫ్ పిల్లలకి ఫీజులో రాయితీ ఉంది. పొద్దున్న లేస్తే గోడ అవతలే కాలేజీ. అంతా అనుకున్నట్టే అయింది.

ఏప్రిల్ 29

వసుధ మెస్సుకి రాలేదు. గదికి వెళ్ళాను. బట్టలు మడత పెడుతోంది. రాజీనామా చేస్తావేమోనని భయపడ్డానన్నాను. ఎందుకు చేస్త, నాకీ పని ఇష్టం అంది. బట్టల వైపే చూస్తూ అంది: “ఆ రోజు నేను పోతనన్న అక్కా. మీకు యాదున్నదా?”

ఉందన్నాను.

“సార్‌కు చెప్పలే కదా.”

లేదన్నాను.

“సరే” అంది. మడతపెట్టిన దుపట్టా మళ్ళీ విప్పి మడత పెట్టింది. నేను వచ్చేశాను.

మే 30

కమలాబాయి గారి వీడ్కోలు సభ. పూజితనీ అన్నయ్యనీ రమ్మన్నాను. పూజిత ఆకుపచ్చ చుడీదార్ వేసుకుని ముందు వరసలో కూర్చుంది. ఎంత పొడుగయిందో వేదిక మీంచి చూస్తే తెలిసింది.

రాఘవేందర్ గారు కమలాబాయి గారి గురించి మాట్లాడి, తర్వాత నా గురించి ఎత్తారు. ఫిబ్రవరిలో ఆ ఆదివారం సంగతి మొదలుపెట్టారు. సొంత కూతురు జ్వరంతో మంచంలో ఉన్నా మన బిడ్డను కాపాడిన మనిషి అన్నారు. ఇంటర్వ్యూలో నేను చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. బ్యూలా నిలబడి కొట్టింది.

పూజిత కూడా కొట్టింది. నా వైపే చూస్తూ, అందరితో పాటే మొదలుపెట్టి, అందరితో పాటే ఆపింది.

వసుధ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కొట్టిందో లేదో చూడలేదు.

కమలాబాయి గారు వెళ్ళేముందు తాళం చేతిలో పెట్టి, “జెర పైలం బిడ్డా. ఇల్లు పెద్దగనిపిస్తది ఒక్కదానివే ఉంటే” అన్నారు. ఒక్కదాన్నే ఎందుకుంటాను, మా అమ్మాయి వస్తోందిగా అన్నాను. గదా, మరిచిపోయిన అన్నారు.

జూన్ 8

గదికి లేత పసుపు రంగు వేయించాను. మంచం కిటికీ పక్కనే వేశాను. కొత్త కర్టెన్లు.

జూన్ 14

పూజిత ఇల్లు చూడడానికి వచ్చింది. మంచం మీద కూర్చుంది, కిటికీ తీసింది, వేసింది. బాగుందమ్మా అంది. ఉప్మా చేశాను. తిన్నది. ప్లేటు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

“నేను హాస్టల్లో ఉంటానమ్మా. పిల్లలతో.”

ఇల్లుండగా హాస్టల్ ఏమిటన్నాను. ఫ్రెండ్స్ కోసమా అన్నాను. ఇల్లు నచ్చలేదా అన్నాను. రంగు మార్పిస్తానన్నాను. ఏదేదో అన్నాను. నేను ఆగేదాకా ఆగింది.

“హాస్టల్ పిల్లలకి నువ్వు దొరుకుతావు. ఈ ఇంట్లో ఉంటే నేను మళ్ళీ ఎదురుచూస్తూ కూర్చోవాలి. నాకు ఓపిక లేదమ్మా.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని. ఆ జ్వరం సంగతి వాళ్ళకెందుకు చెప్పావని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. సంచి తీసుకుని అన్నయ్య స్కూటర్ హారన్ కొట్టగానే వెళ్ళిపోయింది.

ఉప్మా మిగిలింది.

జూన్ 15

ఒప్పుకోను.

జూన్ 19

అన్నయ్యకి ఫోన్ చేశాను, నువ్వైనా చెప్పమని. “అది నీకాడికే వస్తానంటోంది కదమ్మా. ఏ గదిలో ఉంటే ఏటి?” అన్నాడు.

జూలై 2

పూజితకి మూడో అంతస్తులో నలుగురుండే గది. అందరికీ వచ్చినట్టే వచ్చింది. నా చేత్తో వద్దని గదుల కేటాయింపు వసుధకి అప్పగించాను. తలుపు పక్క మంచం వచ్చింది పూజితకి.

జూలై 9

హాజరుకి గదులన్నీ తిరుగుతాను. మిగతా పిల్లల్లాగే నన్ను మేడమ్ అంటుంది. నలుగురి మధ్య అదే మర్యాద, నేనే చెప్పాల్సింది, చెప్పకుండానే తెలుసుకుంది. ఈ రోజు వాళ్ళ గదిలో అందరూ దేనికో నవ్వుతున్నారు. నేను వెళ్ళగానే ఆపారు. పూజిత నవ్వు ముఖం మీద ఇంకా కొంచెం ఉంది. తునిలో ఉన్నప్పటి తర్వాత అలా నవ్వగా చూడలేదు.

క్వార్టర్‌కి వచ్చి రెండు గదుల్లోనూ లైట్లు వేశాను. కమలాబాయి గారికి ఫోన్ చేద్దామనుకుని మానేశాను.

జూలై 17

వసుధతో చాయ్ తాగాను. పనుల గురించే మాట్లాడుకున్నాం. అక్కా అని పిలవలేదు, ఏమనీ పిలవలేదు. ఆ ఆదివారం ఆసుపత్రికి తను వెళ్తానందని రాఘవేందర్ గారితో ఈ పొద్దున్నే చెప్పానన్నాను. ఆయన విని, అయిపోయిన ముచ్చట కదా అన్నారని కూడా చెప్పాను. వసుధ కప్పులోకి చూస్తూ, “మంచిగ చెప్పిన్రు” అంది. సార్ గురించో, నా గురించో తెలియలేదు.

ఆగస్టు 3, ఆదివారం

మధ్యాహ్నం నుంచి విజిటర్స్ హాలు కిటకిటలాడింది. టిఫిన్ డబ్బాలు, పిల్లల తమ్ముళ్ళు, ఒక ముసలాయన పంచెలో. నేను బల్ల దగ్గర కూర్చుని ఎవరికోసం వచ్చారో కనుక్కుని పైకి కబురు పంపుతున్నాను. బ్యూలా వాళ్ళమ్మ వచ్చింది, నాకు కూడా ఒక అరిసెల పొట్లం ఇచ్చింది.

తల ఎత్తేసరికి పూజిత కనిపించింది. దాని గదిలో ముగ్గురికీ ఎవరో ఒకరు వచ్చినట్టున్నారు, వాళ్ళతో పాటు దిగింది. వాళ్ళు వాళ్ళ వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. అది గోడ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుంది. అన్నయ్య వాళ్ళు ఈ వారం తుని వెళ్ళారు, దానికోసం వచ్చేవాళ్ళెవరూ లేరు. అది దానికీ తెలుసు. అయినా పైకి వెళ్ళలేదు. నా వైపు చూడలేదు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

లేచి దాని దగ్గరికి వెళ్దామనుకున్నాను. మెడలో ఐడీ కార్డు, చేతిలో పెన్ను. వెళ్తే వార్డెన్ వచ్చి ఏమ్మా ఇక్కడ కూర్చున్నావని అడిగినట్టుంటుంది.

వసుధని పిలిచాను. ఈ పూటకి బల్ల దగ్గర నువ్వు కూర్చుంటావా, నాకు పనుందన్నాను. ఏం పనని అడగకుండా వచ్చి కూర్చుంది. కార్డు తీసి ఆమె ముందు పెట్టి, గేటు దాటి బయటికి వెళ్ళాను. రోడ్డవతల బండి మీద జామకాయలున్నాయి. కోయించి ఉప్పూ కారం వేయించాను. మళ్ళీ గేటు దగ్గరికి వచ్చి, లోపలికి వెళ్తున్న ఒక కుటుంబం వెనక నిలబడ్డాను. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టబోయి ఆగిపోయాడు. వాళ్ళతో పాటే బల్ల దాకా వెళ్ళాను.

వసుధ నన్ను చూసింది. నా చేతిలో పొట్లం చూసింది.

“ఎవరి కోసం వచ్చిన్రు?” అంది.

“పూజిత కోసం. మూడో అంతస్తు.”

“ఆడ కూసుంది చూడున్రి” అంది, గోడ వైపు చూపించి.

పూజిత పక్క కుర్చీలో కూర్చున్నాను. పొట్లం విప్పి మధ్యలో పెట్టాను. చాలాసేపు తాకలేదు. తర్వాత ఒక ముక్క తీసుకుంది.

“డ్యూటీ లేదా?” అంది.

“లేదు.”

ఇంకో ముక్క తీసుకుంది. మావయ్య తుని నుంచి ఫోన్ చేశాడంది. మెస్సులో సాంబారు నీళ్ళలా ఉంటోందని, చీఫ్ వార్డెన్‌కి చెప్పమని గది పిల్లలు పోరుతున్నారని అంది. ఆవిడ కనిపిస్తే చెప్తానన్నాను. నవ్వలేదు గాని, పెదవి కదిలింది. ఆ తర్వాత కారం అంటిన వేళ్ళ వైపు చూసుకుంటూ, నేను అడక్కుండానే చెప్పింది.

“ఆ జ్వరమప్పుడు నీకు ఫోన్ చెయ్యొద్దన్నాను మావయ్యతో. చేస్తే వస్తావో రావో తెలిసిపోతుందని. అయినా చేశాడు. మంచం ఇటు తిప్పమన్నాను, గుమ్మం కనపడేలాగ. ఆటో ఆగిన చప్పుడైతే అత్త కంటే ముందు నేనే లేచేదాన్ని. సాయంత్రానికి లేవడం మానేశాను.”

ఆ రోజు ఆసుపత్రికి వసుధ వెళ్తానందనీ, నేను ఇంటికి రాగలిగేదాన్ననీ, అయినా రాలేదనీ చెప్పాను. ఆ ఒక్కటే చెప్పాల్సింది ఉంది. విన్నది. చేయి వెనక్కి తీసుకోలేదు, ముందుకీ చాపలేదు. పొట్లంలో జామకాయ అయిపోయినా మేమిద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం.

టైమైందని వసుధ అందరికీ చెప్పింది. తల్లులు ఒక్కొక్కరే లేచి పిల్లల తలలు నిమిరి బయల్దేరుతున్నారు. పూజిత లేచింది. “వెళ్ళొస్తావా అమ్మా?” అంది.

వెళ్ళొస్తానన్నాను. అది మెట్లెక్కి కనుమరుగయ్యేదాకా నిలబడి, మిగతా తల్లులతో పాటు గేటు దాకా నడిచాను.